గ్రాఫిక్స్ కార్డు కూలర్లు: స్టాక్, ఆఫ్టర్‌మార్కెట్ వాదనలో అసలు పోల్చేది దేన్ని?

కొత్త గ్రాఫిక్స్ కార్డులు వచ్చిన ప్రతిసారీ పాత వాదన మళ్లీ లేస్తుంది. కార్డుతో వచ్చిన కూలర్ చాలు, దాన్ని తయారుచేసిన ఇంజినీర్లకు తెలియదా అని ఒకరు అంటారు. వేరే కూలర్ ఉన్న కార్డు తీసుకుంటే పదిహేను డిగ్రీలు తగ్గుతుంది, నా దగ్గర చూశాను అని ఇంకొకరు అంటారు. చిత్రం ఏమిటంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఒకరు మాట్లాడుతున్న స్టాక్ కూలర్ వేరు, రెండోవారిది వేరు. ఒకరి క్యాబినెట్‌లో గాలి బాగా ఆడుతుంది, రెండోవారి దాంట్లో ఆడదు. ఒకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడతారు, ఇంకొకరికి ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే పని సాగదు.

డిగ్రీల అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. కార్డు ఎన్ని వాట్లు తాగుతున్నప్పుడు, ఎంత చప్పుడుతో, వేడిగాలిని ఎక్కడికి తోసి ఆ అంకె వచ్చిందన్నది కూడా తెలియాలి. ఈ మూడూ పక్కన పెట్టి చేసే పోలికల వల్లే ఇన్నేళ్లుగా ఈ వాదన తెగడం లేదని నా అభిప్రాయం.

## ఒకే మాట, రెండు మూడు అర్థాలు

స్టాక్ కూలర్ అంటే కార్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దాని మీద ఉన్న కూలర్. ఇంతవరకూ తేలికే. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది.

గ్రాఫిక్స్ చిప్‌లు రూపొందించే ఎన్విడియా, ఏఎమ్‌డీ కంపెనీలు చిప్‌తో పాటు దానికో నమూనా కార్డు కూడా రూపొందిస్తాయి. దాన్ని రిఫరెన్స్ కార్డు అంటారు. ఎన్విడియా తాను స్వయంగా అమ్మే కార్డులకు 2016లో, జీటీఎక్స్ 1080 వచ్చినప్పుడు, ఫౌండర్స్ ఎడిషన్ అని పేరు పెట్టింది. ఈ రెండు కంపెనీల చిప్‌లను ఏసస్, ఎంఎస్ఐ, గిగాబైట్, జోటాక్, సఫైర్, పవర్‌కలర్ లాంటి పార్ట్‌నర్ కంపెనీలు తీసుకుని, తమ సొంత కూలర్ బిగించి, తమ పేరుతో అమ్ముతాయి. వీటిని కస్టమ్ కార్డులు అంటారు. చాలామంది వీటి కూలర్లనే ఆఫ్టర్‌మార్కెట్ కూలర్లు అని కూడా అనేస్తారు.

మాటకున్న అసలు అర్థం మాత్రం అది కాదు. కార్డు కొన్నాక, దాని మీదున్న కూలర్ విప్పి, విడిగా తెచ్చి బిగించేది ఆఫ్టర్‌మార్కెట్. ఆర్కిటిక్ యాక్సెలెరో, రైజింటెక్ మార్ఫియస్ ఈ కోవలోవి. ఈకే, ఆల్ఫాకూల్ కంపెనీల వాటర్ బ్లాకులు (చిప్‌కు ఆనించి లోపల నీరు పారించే లోహపు దిమ్మలు) కూడా అంతే.

కాబట్టి పోలికలో ఉన్నవి మూడు. రిఫరెన్స్ కూలర్, పార్ట్‌నర్ కూలర్, విడి కూలర్. పార్ట్‌నర్ కార్డు కొన్నవారికి ఆ పార్ట్‌నర్ కూలరే స్టాక్. "స్టాక్ కన్నా ఆఫ్టర్‌మార్కెట్ చల్లగా ఉంటుంది" అన్న ఒక్క వాక్యం ఈ మూడింటిలో ఏ రెండింటి గురించైనా కావచ్చు. ఇక్కడి నుంచి ఈ మూడు పేర్లే వాడతాను.

## వేడి ప్రయాణం

గ్రాఫిక్స్ కార్డు తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. 300 వాట్ల కార్డు నిండుగా పనిచేస్తోందంటే 300 వాట్ల హీటరు నడుస్తున్నట్టే. ఆ వేడి పుట్టే చోటు చాలా చిన్నది. ఆర్‌టీఎక్స్ 4090లోని చిప్ వైశాల్యం సుమారు 609 చదరపు మిల్లీమీటర్లు, అంటే రెండున్నర సెంటీమీటర్ల చదరం కన్నా కాస్త తక్కువ. కార్డు పవర్ పరిమితి 450 వాట్లు. అందులో పెద్ద వాటా ఆ చిన్న ముక్కలోనే ఖర్చవుతుంది.

అక్కడి నుంచి వేడి చిప్ మీద పూసిన థర్మల్ పేస్టు దాటుతుంది, లోహపు అడుగుపలకలోకి వెళుతుంది, హీట్‌పైపుల ద్వారా పలచని అల్యూమినియం రేకులకు చేరుతుంది, అక్కడ ఫ్యాన్ గాలికి అంటుకుని బయటపడుతుంది. హీట్‌పైపు లోపల కొద్దిగా ద్రవం ఉంటుంది. వేడి వైపు ఆవిరై, చల్లటి వైపు మళ్లీ నీరై, గోడలోని సన్నటి అల్లిక గుండా వెనక్కి పాకుతుంది. ఇదే పనిని పైపుకు బదులు బల్లపరుపు డబ్బాలో చేయిస్తే దాన్ని వేపర్ చాంబర్ అంటారు. చిన్న చిప్ నుంచి వేడిని వెడల్పుగా పరచడంలో ఇది గట్టిది.

ఈ దారి మొత్తాన్ని ఇంజినీర్లు ఒకే అంకెలో కొలుస్తారు. ఒక్కో వాటుకు చిప్, చుట్టూ ఉన్న గాలి కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది అన్నది ఆ అంకె. దీనికి ఉష్ణ నిరోధం అని పేరు. గాలి 25 డిగ్రీలుండగా 300 వాట్ల దగ్గర చిప్ 70 డిగ్రీలకు చేరిందనుకుందాం. పెరుగుదల 45. దాన్ని 300తో భాగిస్తే వాటుకు 0.15 డిగ్రీలు. కూలర్ ఎంత మంచిదైతే ఈ అంకె అంత తక్కువ.

ఈ చిన్న లెక్కలో రెండు సంగతులు దాగి ఉన్నాయి. మొదటిది, ఏ గాలి కూలరూ చిప్‌ను చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా ఉంచలేదు. గది పది డిగ్రీలు వేడెక్కితే, అవే వాట్లు, అదే ఫ్యాన్ వేగం దగ్గర చిప్ కూడా సుమారు పది డిగ్రీలు వేడెక్కుతుంది. రెండోది, వాట్లు తగ్గించినా అదే ఫలితం వస్తుంది. పై కార్డు పవర్ పరిమితిని 300 నుంచి 240 వాట్లకు తగ్గిస్తే పెరుగుదల 36 డిగ్రీలు. కూలర్ ముట్టుకోకుండానే తొమ్మిది డిగ్రీలు దిగాయి. కొత్త కార్డులు చాలావరకు ఆఖరి కొద్ది శాతం వేగం కోసమే బోలెడు పవర్ ఖర్చుపెడతాయి, అందువల్ల ఈ తగ్గింపుతో కోల్పోయే వేగం, తగ్గిన పవర్ శాతంతో పోలిస్తే బాగా తక్కువ. వోల్టేజి తగ్గించి నడిపేవారు ఈ సంగతి ఎప్పటినుంచో చెబుతున్నారు, అది ఈ చర్చలో రావలసినంతగా రావడం లేదు.

## బ్లోయర్, ఓపెన్: గాలి ఎటు పోతుందన్నదే పెద్ద తేడా

రిఫరెన్స్ కార్డులకు చెడ్డపేరు వచ్చింది ప్రధానంగా బ్లోయర్ కూలర్ వల్ల. బ్లోయర్‌లో ఒకే ఫ్యాన్ ఉంటుంది, కార్డు చివర్లో. అది గాలిని పీల్చి, మూసి ఉన్న తొడుగు గుండా రేకుల మధ్య నుంచి తోసి, మానిటర్ కేబుల్ పెట్టే వైపు నుంచి క్యాబినెట్ బయటికి పంపేస్తుంది. పార్ట్‌నర్ కార్డుల్లో ఎక్కువగా కనిపించేది ఓపెన్ కూలర్. రెండు మూడు పెద్ద ఫ్యాన్లు రేకుల మీదికి నేరుగా గాలి ఊదుతాయి, వేడెక్కిన గాలి అన్ని వైపుల నుంచీ క్యాబినెట్ లోపలికే వస్తుంది. దాన్ని బయటికి పంపే బాధ్యత క్యాబినెట్ ఫ్యాన్లది.

బ్లోయర్‌కు ఇరుకు దారి, ఒక్క ఫ్యాన్, రేకులకు తక్కువ చోటు. అందుకని గాలి కావాలంటే వేగంగా తిరగాలి, తిరిగితే చప్పుడు. 2003లో వచ్చిన జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా చప్పుడుకు జనం చేతి వాక్యూమ్ క్లీనర్ పేరు మీద డస్ట్‌బస్టర్ అని పిలిచారు. 2010లో 250 వాట్ల జీటీఎక్స్ 480 మీద తొంభై డిగ్రీలు దాటుతోందన్న ఫిర్యాదులు. ఇక 2013 అక్టోబరులో వచ్చిన రేడియాన్ ఆర్9 290ఎక్స్ సంగతి ఈ మొత్తం చర్చకే మంచి ఉదాహరణ. అది 95 డిగ్రీల దగ్గర నడిచేలా ఏఎమ్‌డీయే రూపొందించింది. కార్డు మీద రెండు స్థాయుల స్విచ్ ఉండేది. క్వైట్‌లో ఫ్యాన్ వేగం 40 శాతం దాటదు, ఊబర్‌లో 55 శాతం వరకూ వెళుతుంది. క్వైట్‌లో చిప్ 95 డిగ్రీలకు చేరాక ఫ్యాన్ పెరగదు కాబట్టి చిప్ తన వేగాన్నే తగ్గించుకునేది. కొన్ని నెలల్లో పార్ట్‌నర్ కంపెనీలు అదే చిప్‌ను మూడు ఫ్యాన్ల కూలర్లతో తెచ్చాయి. ఉష్ణోగ్రత, చప్పుడు రెండూ బాగా దిగాయి, వేగం నిలకడగా నిలిచింది. చిప్ మారలేదు, దాని మీద పెట్టిన కూలర్ మారిందంతే. "రిఫరెన్స్ కొనొద్దు" అన్న మాట అప్పట్లో స్థిరపడిపోయింది.

మరి బ్లోయర్ ఎప్పుడూ తక్కువేనా? ఒక లెక్క వేసి చూద్దాం. గాలి ఎంత వేడెక్కుతుందో తెలియడానికి తేలికైన సూత్రం ఉంది. వాట్లను, సెకనుకు కదిలే గాలి లీటర్లతో, 1.2తో భాగిస్తే డిగ్రీలు వస్తాయి. సెకనుకు 25 లీటర్ల గాలిలోకి 300 వాట్లు పోస్తే 10 డిగ్రీలు.

ఇప్పుడు గది 25 డిగ్రీలు, ప్రాసెసర్ 100 వాట్లు, కార్డు 300 వాట్లు అనుకుందాం. ఓపెన్ కూలర్ నిరోధం 0.15, బ్లోయర్‌ది 0.19 అని పెట్టుకుందాం. మొదటి క్యాబినెట్‌లో గాలి బాగా ఆడుతుంది, సెకనుకు 40 లీటర్లు. ఓపెన్ కార్డు ఉంటే లోపలి గాలిలోకి మొత్తం 400 వాట్లు చేరతాయి, అది సుమారు 8 డిగ్రీలు పెరుగుతుంది. చిప్ ఉష్ణోగ్రత 25, 8, 45 కలిపి 78 డిగ్రీలు. బ్లోయర్ ఉంటే లోపల మిగిలేది ప్రాసెసర్ వేడి మాత్రమే, గాలి 2 డిగ్రీలే పెరుగుతుంది. చిప్ 25, 2, 57 కలిపి 84. ఓపెన్ గెలిచింది.

రెండో క్యాబినెట్ ఇరుకు, సెకనుకు 12 లీటర్లే. ఓపెన్ కార్డుతో లోపలి గాలి దాదాపు 28 డిగ్రీలు పెరుగుతుంది. చిప్ లెక్క 98కి పోతుంది, అంటే నిజానికి అంతకు ముందే కార్డు తన వేగం తగ్గించుకుంటుంది. బ్లోయర్‌తో లోపలి గాలి 7 డిగ్రీలు పెరిగి చిప్ 89 దగ్గర ఆగుతుంది. ఇక్కడ బ్లోయర్ గెలిచింది, అదీ తొమ్మిది డిగ్రీల తేడాతో.

ఇది సరళం చేసిన లెక్కే. నిజంలో గాలి అంత సమంగా కలవదు, బ్లోయర్ తానే కొంత గాలి బయటికి లాగుతుంది కూడా. అయినా తీర్పు ఎందుకు తిరగబడుతుందో ఇందులో కనిపిస్తుంది. పక్కపక్కనే నాలుగు కార్డులు పెట్టే వర్క్‌స్టేషన్లలో ఇప్పటికీ బ్లోయర్లు ఉండటానికి కారణం ఇదే. 300 వాట్ల ఆర్‌టీఎక్స్ 6000 ఏడా వర్క్‌స్టేషన్ కార్డు బ్లోయర్‌తోనే వచ్చింది. సర్వర్లకు వెళ్లే ఏ100 పీసీఐఈ కార్డులకైతే అసలు ఫ్యాన్లే ఉండవు, సర్వర్ ముందు వరుసలో ఉన్న ఫ్యాన్లు ఊదే గాలి వాటి గుండా పోతుంది.

## చప్పుడు లెక్కలో లేకపోతే పోలికే లేదు

నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది ఇక్కడే. "నా కార్డు 65 డిగ్రీలే" అని స్క్రీన్‌షాట్ పెట్టేవారు ఫ్యాన్ ఎన్ని ఆర్‌పీఎంలో (నిమిషానికి ఎన్ని చుట్లు) ఉందో చెప్పరు. ఏ కూలరైనా ఫ్యాన్ నూరు శాతం తిప్పితే చల్లబడుతుంది.

ఫ్యాన్ల విషయంలో ప్రకృతి నియమం పెద్ద, నెమ్మది ఫ్యాన్ల వైపే ఉంటుంది. ఫ్యాన్ తోసే గాలి దాని వేగంతో పాటు పెరుగుతుంది. చప్పుడు మాత్రం చాలా వేగంగా పెరుగుతుంది, వేగం రెట్టింపైతే ఇంచుమించు 15 డెసిబెల్స్. వెనక్కి చదివితే, వేగం సగం చేస్తే 15 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒకే చప్పుడు చేసే రెండు ఫ్యాన్లు కలిస్తే పెరిగేది 3 డెసిబెల్సే. కాబట్టి 3000 ఆర్‌పీఎంలో తిరిగే ఒక ఫ్యాన్ బదులు అదే సైజు ఫ్యాన్లు రెండు 1500లో తిప్పితే గాలి అంతే, చప్పుడు మాత్రం సుమారు 12 డెసిబెల్స్ తక్కువ. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి దాదాపు సగం చప్పుడుగా వినిపిస్తుందని అంటారు. పార్ట్‌నర్ కార్డులు మూడు ఫ్యాన్లతో, అంత పొడవుగా ఎందుకు వస్తాయో దీన్ని బట్టి అర్థమవుతుంది. అది ఆర్భాటం మాత్రమే అనుకోవడం అన్యాయం.

రెండు పనులు ఒకేసారి చేయలేమన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. మంచి కూలర్ ఇచ్చే లాభాన్ని డిగ్రీలుగా తీసుకోవచ్చు, లేదా నిశ్శబ్దంగా తీసుకోవచ్చు. ఫ్యాక్టరీలో ఫ్యాన్ వేగాలు నిర్ణయించేవారు ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టి ఒకే హీట్‌సింక్ (కూలర్‌లోని పలక, రేకుల దిమ్మ) 62 డిగ్రీల కార్డుగానూ కనిపించవచ్చు, 74 డిగ్రీల కార్డుగానూ కనిపించవచ్చు. చాలా కార్డుల మీద ఉండే చిన్న బయాస్ స్విచ్ (కార్డులో ముందే రాసి ఉంచిన సెట్టింగులను మార్చేది) ఈ రెంటి మధ్యే మారుస్తుంది. బరువు తక్కువ పనుల్లో ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే ఏర్పాటు కూడా ఇలాంటి ఎంపికే. సినిమా చూస్తున్నప్పుడు కార్డు 50 డిగ్రీలు చూపిస్తోందంటే కూలర్ చెడ్డదని కాదు, ఫ్యాన్లు తిరగడం లేదని.

## చిప్ ఒక్కటి చల్లబడితే చాలదు

కార్డు మీద వేడెక్కేవి ఇంకా ఉన్నాయి. చిప్ చుట్టూ మెమరీ చిప్‌లు, వాటి పక్కన కరెంటును చిప్‌కు కావలసిన తక్కువ వోల్టేజికి మార్చే వీఆర్ఎం భాగాలు. వీటికీ కూలర్‌కూ మధ్య మెత్తని థర్మల్ ప్యాడ్లు ఉంటాయి.

2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డుల్లో వాడిన జీడీడీఆర్6ఎక్స్ మెమరీ బాగా వేడెక్కేది. 110 డిగ్రీల దగ్గర అది వేగం తగ్గించుకుంటుంది. 3090లో మరో చిక్కు. 24 జీబీ కోసం మెమరీ చిప్‌లను కార్డుకు రెండు వైపులా అమర్చారు. వెనక వైపు పన్నెండు చిప్‌లకు దిక్కు వెనకున్న లోహపు పలక ఒక్కటే, దాని మీద ఫ్యాన్ లేదు. క్రిప్టో మైనింగ్ చేసేవారు కోర్ (ప్రధాన చిప్) అరవైల్లో ఉండగా మెమరీ వందకు పైన నడవడం చూసి ప్యాడ్లు మార్చడం మొదలుపెట్టారు. 2022లో వచ్చిన 3090 టీఐలో రెట్టింపు సామర్థ్యం ఉన్న మెమరీ చిప్‌లు వాడి, అన్నిటినీ ముందు వైపుకే తెచ్చారు.

విడి కూలర్ల బలహీనత ఇక్కడే బయటపడుతుంది. పాత విడి కూలర్లలో చాలావాటికి చిప్ మీద పెద్ద హీట్‌సింక్ వచ్చేది గానీ, మెమరీకి, వీఆర్ఎంకి చిన్న చిన్న అల్యూమినియం ముక్కలు ఇచ్చి అంటించుకోమనేవారు. స్టాక్ కూలర్‌లో ఇవే భాగాలు ఒక పెద్ద లోహపు పలకకు ఆనుకుని ఉండేవి. ఫలితంగా కోర్ ఇరవై డిగ్రీలు తగ్గినా వీఆర్ఎం ముందుకన్నా వేడెక్కిన కార్డులున్నాయి. స్క్రీన్ మీద కనిపించే అంకె కోర్‌దే కాబట్టి ఆ మార్పు చేసినవారు సంతోషంగానే ఉండేవారు. చాలా కార్డుల్లో వీఆర్ఎం ఉష్ణోగ్రత చూపే సెన్సరే బయటికి కనిపించదు.

కోర్ అంకెలో కూడా రెండు రకాలున్నాయి. చిప్ సగటు లాంటిది ఒకటి, చిప్ మీద అన్నిటికన్నా వేడిగా ఉన్న బిందువుది ఇంకొకటి. రెండోదాన్ని హాట్‌స్పాట్ అంటారు. రెంటికీ మధ్య పది పదిహేను డిగ్రీల తేడా మామూలు. ఆ తేడా ముప్పై దాటితే కూలర్ సైజు కన్నా దాని ఒత్తిడినో, పేస్టునో అనుమానించాల్సి వస్తుంది.

2022 డిసెంబరులో వచ్చిన రేడియాన్ ఆర్ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ రిఫరెన్స్ కార్డుల్లో కొన్నిటికి హాట్‌స్పాట్ 110 డిగ్రీలకు ఎగబాకింది. కార్డు నిలబెట్టే దిశ మారిస్తే ఉష్ణోగ్రత మారేది. కొన్ని కార్డుల వేపర్ చాంబర్లలో ఉండాల్సినంత నీరు లేదని తర్వాతి నెలలో ఏఎమ్‌డీ ఒప్పుకుంది. అదే చిప్ ఉన్న పార్ట్‌నర్ కార్డులకు సొంత కూలర్లు కాబట్టి ఈ బాధ తగలలేదు. ఇది రిఫరెన్స్ డిజైన్ తప్పు కాదు, ఒక విడతలో తయారీ లోపం. కానీ కొన్నవారికి ఆ తేడా తెలిసే అవకాశం తక్కువ.

## చల్లగా ఉంటే కార్డు వేగం పెరుగుతుందా?

పెరుగుతుంది, కొంచెం. ఎన్విడియా కార్డుల్లో ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ చిప్ వేగం 13 నుంచి 15 మెగాహెర్ట్జ్ చొప్పున మెట్లు దిగుతుంది. 1900 మెగాహెర్ట్జ్ కార్డు రెండు మూడు మెట్లు పైన నడిస్తే లాభం రెండున్నర శాతం లోపే. వంద ఫ్రేములు వచ్చే ఆటలో అది ఒకటి రెండు ఫ్రేములు, కంటికి తెలియదు. చల్లటి చిప్ వృథా కరెంటు కూడా కాస్త తక్కువ తాగుతుంది.

స్టాక్ కూలర్ ఉష్ణోగ్రత పరిమితిని తాకి వేగం తగ్గిస్తుంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు కూలర్ మార్పు కోల్పోయిన వేగాన్ని తిరిగి తెస్తుంది, 290ఎక్స్ విషయంలో జరిగింది అదే. అంటే మంచి కూలర్ కొత్త వేగం ఇవ్వడం కన్నా, ఉన్న వేగం జారిపోకుండా ఆపడం ఎక్కువ.

కార్డు ఆయుష్షు గురించి కూడా చాలామంది టెన్షన్ పడతారు. తక్కువ ఉష్ణోగ్రత ఎలక్ట్రానిక్స్‌కు మంచిదే. కానీ 80 డిగ్రీల దగ్గర నడిచేలా రూపొందించిన చిప్ 80లో నడవడం రోగలక్షణం కాదు.

## రిఫరెన్స్ కూలర్లు మారిపోయాయి

"స్టాక్ అంటే చప్పుడు డబ్బా" అన్న అభిప్రాయం 2018 దాకా చాలావరకు న్యాయమే. ఆ ఏడాది ఆర్‌టీఎక్స్ 2080తో ఎన్విడియా ఫౌండర్స్ కార్డులు బ్లోయర్ వదిలి రెండు ఫ్యాన్ల ఓపెన్ కూలర్‌కు మారాయి. 2020లో ఆర్‌టీఎక్స్ 3080తో సర్క్యూట్ బోర్డునే కుదించి, ఒక ఫ్యాన్ గాలి హీట్‌సింక్ గుండా కార్డు వెనక్కి దూసుకుపోయేలా చేశారు. 2025 జనవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 ఫౌండర్స్ కార్డు 575 వాట్లను రెండు స్లాట్ల మందంలో ఇముడ్చుకుంది. బోర్డు మధ్యలో, ఫ్యాన్లు రెండూ చెరో వైపు రేకుల గుండా నేరుగా అవతలికి గాలి పంపేలా, చిప్ మీద పేస్టుకు బదులు లిక్విడ్ మెటల్. దానికన్నా చాలా మందమైన పార్ట్‌నర్ కార్డులు ఇంకా చల్లగా, ఇంకా నిశ్శబ్దంగా నడుస్తాయి, కానీ మూడున్నర, నాలుగు స్లాట్ల చోటు తింటాయి. ఒక్కో స్లాటు 20.32 మిల్లీమీటర్లు. చిన్న క్యాబినెట్ ఉన్నవారికి ఆ తేడా కొనడమా మానడమా అన్నంత పెద్దది.

పార్ట్‌నర్ కార్డుల్లోనూ అన్నీ ఒకటి కావు. ఒకే కంపెనీ ఒకే చిప్‌కు చవక రకం, ఖరీదు రకం కూలర్లు పెడుతుంది. చవక రకంలో హీట్‌పైపులు తక్కువ, రేకులు తక్కువ, పైన తొడుగు మాత్రం అంతే పెద్దది. మూడు ఫ్యాన్లు ఉన్నంత మాత్రాన కింద అంత లోహం ఉందని కాదు.

## విడి కూలర్ బిగించినప్పుడు నిజంగా మారేవి

ఒకప్పుడు విడి కూలర్ల మార్కెట్ జోరుగా ఉండేది. స్టాక్ కూలర్లు బలహీనంగా ఉండటమే దానికి ఊపిరి. పార్ట్‌నర్ కూలర్లు మెరుగయ్యేకొద్దీ, బోర్డుల ఆకారాలు, మరల రంధ్రాల దూరాలు మోడల్‌కో తీరుగా మారేకొద్దీ గాలి కూలర్ల ఎంపిక సన్నగిల్లింది. ఇప్పుడు కొందరు స్టాక్ హీట్‌సింక్ అలాగే ఉంచి, ప్లాస్టిక్ తొడుగు, చిన్న ఫ్యాన్లు తీసేసి, 120 మిల్లీమీటర్ల క్యాబినెట్ ఫ్యాన్లు కట్టుకుంటున్నారు. దీన్ని డీష్రౌడ్ అంటారు. పైన చెప్పిన పెద్ద, నెమ్మది ఫ్యాన్ల లెక్కే ఇక్కడా పనిచేస్తుంది, మెమరీ, వీఆర్ఎం ప్యాడ్లు కదలవు కాబట్టి వాటికి ప్రమాదం తక్కువ.

కూలర్ పూర్తిగా మార్చేటప్పుడు అతి చిన్నదిగా కనిపించేది అతి పెద్ద తలనొప్పి అవుతుంది. ప్యాడ్ మందం అది. అర మిల్లీమీటరు, ఒకటి, ఒకటిన్నర, రెండు, ఇలా దొరుకుతాయి. నేను ఒకసారి ఒక మిల్లీమీటరు ఉండాల్సిన చోట ఒకటిన్నర పెట్టాను. మెమరీ మీది ప్యాడ్లు కూలర్‌ను కాస్త పైకి ఎత్తి పట్టాయి, చిప్‌కు అడుగుపలక సరిగా ఆనలేదు. కార్డు ఆన్ చేసిన నిమిషంలో హాట్‌స్పాట్ వంద దాటింది. అర మిల్లీమీటరు తేడాతో అంత పెద్ద హీట్‌సింక్ ఉండీ లేనట్టయింది. గాలి వేడిని ఎంత చెడ్డగా మోస్తుందో అప్పుడు నాకు అంకెల్లో కాకుండా అర్థమైంది. రాగి ఉష్ణ వాహకత (వేడిని మోసే శక్తి, మీటరుకు డిగ్రీకి వాట్లలో) సుమారు 400, మంచి పేస్టుది ఐదు నుంచి పది, కదలని గాలిది 0.026.

పాత కార్డు విషయంలో ఇంకో సంగతి. కూలర్ మార్చాక వచ్చిన లాభంలో కొంత వాటా నిజానికి కొత్త పేస్టుది. వేడెక్కి చల్లబడే ప్రతిసారీ చిప్, పలక కొద్దిగా వంగి, పేస్టును అంచులకు నెట్టేస్తాయి. ఏళ్లు గడిచేసరికి మధ్యలో పలచబడుతుంది. రేకుల మధ్య దుమ్ము అట్టకడుతుంది. మూడేళ్లు వాడిన స్టాక్ కూలర్‌ను, కొత్త పేస్టుతో బిగించిన కొత్త కూలర్‌తో పోలిస్తే పాతదానికి అన్యాయం జరుగుతుంది. 84 నుంచి 66కు దిగిందని చెప్పేవారు, అదే స్టాక్ కూలర్‌ను శుభ్రం చేసి, పేస్టు మార్చి ఒకసారి కొలిచి ఉంటే మధ్యలో 76 అనే అంకె కనిపించేదేమో. అప్పుడు కూలర్ వాటా పద్దెనిమిది కాదు, పది.

వారంటీ సంగతి దేశాన్ని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది. కొన్ని కంపెనీలు కూలర్ విప్పినా ఒప్పుకుంటాయి, కొన్ని మర మీద స్టిక్కర్ చిరిగితే ఒప్పుకోవు. అమెరికాలో 2018లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి వారంటీ షరతులు చట్టవిరుద్ధం కావచ్చని కొన్ని కంపెనీలను హెచ్చరించింది. అన్ని చోట్లా ఆ రక్షణ ఉండదు.

నీటి కూలింగ్‌లో వేడి గాలిలోకే చేరుతుంది, చేరే చోటు మాత్రం మారుతుంది. 2015లో ఏఎమ్‌డీ రేడియాన్ ఆర్9 ఫ్యూరీ ఎక్స్‌ను 120 మిల్లీమీటర్ల రేడియేటర్‌తో (నీటి వేడిని గాలికి వదిలే రేకుల పెట్టె) ఫ్యాక్టరీ నుంచే పంపింది, అంటే నీటి కూలర్ కూడా స్టాక్ కావచ్చు. మొత్తం కార్డును కప్పే వాటర్ బ్లాకు మెమరీని, వీఆర్ఎంను కూడా తడుముతుంది. చిప్‌ను మాత్రమే కప్పేది పాత విడి కూలర్ల సమస్యనే మళ్లీ తెస్తుంది.

## రెండు వాదనలనూ ఒకే బల్ల మీద పెడితే

స్టాక్ చాలు అనేవారి బలం ఏమిటంటే, కూలర్, బోర్డు, ఫ్యాన్ వేగాలు, ప్యాడ్లు అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా పరీక్షించి పంపుతారు. కొత్త కార్డుల్లో అది పరిమితులు తాకకుండా నడుస్తుంటే మార్పు వల్ల వచ్చేది ఒకటి రెండు శాతం వేగమే. మెరుగైన కూలర్ కావాలనేవారి బలం చప్పుడు. రోజుకు ఎనిమిది గంటలు పక్కనే కూర్చునేవారికి అది చిన్న విషయం కాదు, ఏ వేగం పరీక్షలోనూ కనిపించని లాభం అది. ఈ రెంటిలో ఏదీ రెండోదాన్ని కొట్టిపారేయదు, రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఊహించిన రెండు కార్డులతో చూద్దాం, చిప్ ఒకటే. మొదటిది 68 డిగ్రీలు, 38 డెసిబెల్స్, 300 వాట్లు. రెండోది 73 డిగ్రీలు, 31 డెసిబెల్స్, 320 వాట్లు. పట్టికలో ఉష్ణోగ్రత వరుస మాత్రమే చదివితే మొదటిదే మెరుగు. మూడు వరుసలూ చదివితే రెండోది ఇరవై వాట్లు ఎక్కువ వేడిని, బాగా తక్కువ చప్పుడుతో తీసేస్తోంది, దాని కూలరే గట్టిది. ఫ్యాన్ వేగం పెంచి 38 డెసిబెల్స్‌కు తెస్తే అది మొదటిదాని కన్నా కిందికి దిగే అవకాశమే ఎక్కువ. అందుకే కొందరు సమీక్షకులు అన్ని కార్డుల ఫ్యాన్లనూ ఒకే చప్పుడు స్థాయికి కట్టేసి, అప్పుడు ఉష్ణోగ్రతలు కొలుస్తారు. పరీక్ష తెరిచిన బల్ల మీద చేశారా, మూసిన క్యాబినెట్‌లో చేశారా అన్నది కూడా ఆ పట్టిక పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. బల్ల మీద లోపలి గాలి వేడెక్కే సమస్యే రాదు కాబట్టి అక్కడ ఓపెన్ కూలర్‌కు వచ్చిన మార్కులు ఇరుకు క్యాబినెట్‌లోకి పూర్తిగా వెంట రావు.